నాలుగు వేల దగ్గర గుంట

మూడు వేల సైకిల్స్. ఉంది. మూడు వేల రెండు వందలు. ఉంది. మూడున్నర వేలు, ఉంది కానీ సన్నబడింది, పక్క గదిలో ఎవరో తలుపు మెల్లగా దగ్గరకు వేస్తున్నట్టు. మూడు వేల ఎనిమిది వందలు, ఎక్కడికో పోతోంది, పోతోంది, నాలుగు వేలు. లేదు. కూత పుట్టించే ఆసిలేటర్ మీద నా వేలు ఉంది, డయలు మీద అంకె ఉంది, నిలువెత్తు టేకు స్పీకర్ పెట్టె మీద నల్లటి హారన్ నోరు తెరుచుకుని నా వైపే ఉంది, కూత మాత్రం లేదు. ఇంకా తిప్పితే అయిదు వేల దాకా ఏమీ లేదు, అక్కడ మళ్లీ తల ఎత్తుతుంది, ఆరు వేలకు మళ్లీ మామూలే. ఇంత నునుపైన దారిలో ఈ ఒక్క చోటే గుంట. కుడి హారన్‌లోనూ అంతే, ఎడమ హారన్‌లోనూ అంతే. మూడు రోజుల కిందట ఇదే గదిలో నిలబడి, చెవితోనే ఈ గుంటను పట్టి, లోపల అదిరి కూతపెట్టే రెండు డయాఫ్రమ్‌లూ పోయాయి, ఆ కంపెనీయే ఇప్పుడు లేదు, ఇవి ఇక పనికిరావు అని ఈ ఇంటి యజమాని కృష్ణరాజ్ అయ్యకు చెప్పింది నేనే. ఆ మాట మీదే ఆయన ఇవాళ పన్నెండింటికి వ్యాను తెస్తున్నాడు. హారన్‌లు పాత సామాన్ల వాడికి, గదిలోకి కొత్త పెట్టెలు. గోడ గడియారంలో పదకొండు దాటి అయిదు నిమిషాలు.

గంట చాలదు, అయినా సరిపెట్టుకోవాలి. పొద్దున పంకజవల్లి అమ్మ, అంటే కృష్ణరాజ్ అయ్య తల్లి, తోటమాలిని సైకిల్ మీద మా లైన్ ఇళ్లకు పంపించి మరీ పిలిపించింది. "ముని, ఇంకొక్క తూరి చూడు," అంది గుమ్మంలో నిలబడి. "మీ పెద్ద మొదలాలి పోయినాక ఈ ఇంట్లో నాతో మాట్లాడేటిది ఇదొక్కటే. ఎడమ పక్కది కొంచెం మూలుగుతుండాది, అంతే. దానికి రెండిటినీ ఎత్తిపోతారా?" చూస్తానుంగమ్మా అన్నాను. పద్నాలుగేళ్లుగా కోయంబత్తూరు ఆర్.ఎస్. పురంలోని ఈ మేడకు పెరటి గేటు నుంచే వస్తాను. పాటల గదిలోకి మాత్రం రానిస్తారు, హారన్‌లను పెరట్లో పెట్టుకోలేరు కదా. వాళ్లదీ తెలుగే, మాదీ తెలుగే. ఏ కాలంలో ఎవరి వెనక ఎవరు నడిచి ఈ కొంగునాడుకు వచ్చారో దేవుడికే తెలియాలి. వాళ్ల తెలుగు మిల్లు కట్టింది, మా తెలుగు ఆ మిల్లులో మగ్గం తోలింది. కాఫీ వచ్చింది. కిటికీ గట్టు మీద పెట్టి వెళ్లారు, ఎప్పటి గ్లాసులోనే. అమ్మగారు ఎంత చనువుగా మాట్లాడినా ఆ గ్లాసు మిగతా గ్లాసులతో కలవదు. నేనూ అడగను. కాఫీ బాగుంటుంది, తాగుతాను, తిట్టుకుంటాను, కడిగి బోర్లిస్తాను.

ఎడమది మూలుగుతోంది అన్నారు కదా, ముందు దాని సంగతి. నాలుగు మరలు విప్పి హారన్‌ను డయాఫ్రమ్ ఉండే డ్రైవర్ నుంచి వేరు చేసి గొంతులోకి టార్చి వేసి చూస్తే నాకే నవ్వొచ్చింది. కందిరీగ. గొంతు సగానికి మట్టిగూడు కట్టి, పిల్లల్ని పెంచి, పంపించేసి, ఎప్పుడో వెళ్లిపోయింది. అమెరికాలో చేసి, ఓడలో కొచ్చికి దిగి, లారీలో పాలక్కాడు కనుమ దాటి పెద్ద మొదలాలి, అంటే అమ్మగారి భర్త రత్నసభాపతి అయ్య ఇంటికి వచ్చిన హారన్ ఆఖరికి కందిరీగకు పురిటిల్లు అయింది. వెదురుపుల్లతో మట్టి రాల్చి, కాగితంలో పొట్లం కట్టి, బ్రష్షుతో దులిపి, ఊది, మళ్లీ బిగించాను. రికార్డు వేసి చూస్తే ఎడమ పక్క నుంచి ఫిడేలు గొంతు విప్పింది. మూలుగు పోయింది. చిన్నపిల్లాడిలా సంతోషపడ్డాను, ఒక్క నిమిషం. మూడు రోజుల కిందట దీన్ని విప్పి చూడలేదు చూడు, అదీ నా పొగరు. మునికి మరలు విప్పాల్సిన పనేముంది, గుమ్మంలో నిలబడితే చాలు, రోగం ఏమిటో చెవి చెప్పేస్తుంది. మళ్లీ ఆసిలేటర్ తగిలించి తిప్పుకుంటూ వచ్చాను. మూడు వేలు ఉంది, మూడున్నర ఉంది, నాలుగు వేల దగ్గర మళ్లీ అదే గుంట. గూడు వేరు, గుంట వేరు.

సరే, పద్ధతిగా వెళదాం. గుంట గదిదైతే మనిషి జరిగితే అదీ జరగాలి. గోడకు తగిలి వచ్చిన కూత నేరుగా వచ్చిన కూతకు అడ్డం పడి చంపేసే చోట్లు ప్రతి గదిలోనూ ఉంటాయి. అందుకని స్టూలు జరిపాను. కిటికీ దగ్గర నిలబడ్డాను, సోఫా పక్కన గొంతుక్కూర్చున్నాను, తివాచీ చుట్టి పక్కన పడేసి మళ్లీ విన్నాను. ఎక్కడికి వెళ్లినా నాతోనే వస్తోంది. డ్రైవర్‌దైతే డ్రైవర్‌తో పాటు పోవాలి. కుడిది ఎడమకు, ఎడమది కుడికి మార్చాను. మారలేదు. శబ్దాన్ని పెట్టెకూ హారన్‌కూ పంచే క్రాసోవర్‌లో వైర్లు తిరగబడి ఉంటే కింది పెట్టె, పై హారన్ ఒకదాన్నొకటి కొట్టేసుకుంటాయి. వైర్లు తిప్పి చూశాను, పన్నెండు వందల దగ్గర కొత్త గుంట పడింది, అంటే ముందున్నదే సరి, మళ్లీ తిప్పేశాను. కండెన్సర్ మార్చాను. ఇవన్నీ చేస్తున్నది చేతులు. మనసు మాత్రం రెండేళ్ల వెనక సింగానల్లూరులో ఉంది. అక్కడి థియేటర్లో, తెర వెనక, సరిగ్గా ఇవే పనులు ఇదే వరసలో చేసినవాడు కరుప్పుసామి. నేను కాదు, వాడు చేశాడు. నేను తెర ముందు కుర్చీలో కాలు మీద కాలేసుకుని కూర్చుని, గుంట ఉందిరా ఇంకా ఉంది అని అరిచాను.

కరుప్పుసామి నాతో పదేళ్లు తిరిగాడు. నాకంటే ఎనిమిదేళ్లు చిన్న, అన్నా అనేవాడు, పాలిటెక్నిక్‌లో ఒక ఏడాది చదివి వదిలేశాడు, చెవిని నమ్మడు, మీటరును నమ్ముతాడు. నాకు అది వెక్కిరింత. "అన్నా, ఇంద చూడు, మైకు పెట్టి కొలిస్తిని. ముల్లు పడలేదన్నా. నాలుగు వేల కాడ గుంట లేదు," అన్నాడు తెర పక్కనుంచి వచ్చి. నా చెవికంటే నీ ముల్లు గొప్పదా అన్నాను. "అట్ల కాదన్నా, ఒక్క తూరి నువ్వే చూడు." చూడలేదు. రెండు వారాల ముందు ఆ డయాఫ్రమ్‌లు శుభ్రం చేసింది వాడే. అంతకు ముందు గుంట లేదు, తర్వాత ఉంది, ఇంక దీనికి లెక్కేముంది అనుకున్నాను. థియేటర్ మేనేజరు ముందు, తెర లాగే మనిషి ముందు, టికెట్లు చింపేవాడి ముందు అనేశాను: అసలు డయాఫ్రమ్‌లు తీసి అమ్ముకుని లోకల్ సరుకు వేశాడు వీడు. కరుప్పుసామి మీటరు ఆపి నావైపు చూశాడు. ఆ థియేటర్ కూడా ఈ ఇంటివాళ్లదే. కృష్ణరాజ్ అయ్య నా మాట మీద వాణ్ని తీసేశాడు, కోయంబత్తూరులో ఇంకెవరూ తలుపు తియ్యలేదు. ఇప్పుడు ఆండిపట్టిలో పెళ్లిళ్లకీ తిరునాళ్లకీ మైకు సెట్టు అద్దెకు తిప్పుకుంటున్నాడట. వెళ్లేటప్పుడు వాడి మీటరు నా సంచిలో ఉండిపోయింది. పారేయలేదు. ఎందుకు పారేయలేదో నన్నడిగితే నాకూ తెలియదు.

నిజం చెప్పాలంటే సింగానల్లూరు తర్వాత ప్రతి చోటా నాకు అదే గుంట. ఉప్పిలిపాళెంలో, పీళమేడులో, చర్చి హాల్లో, మిల్లు క్లబ్బులో, ఎక్కడ పాత హారన్ ఉంటే అక్కడ. దానికొక సిద్ధాంతం కూడా చేశాను: ఈ ఊరి గాలిలో దూది పొట్టు ఎక్కువ, అది సన్నగా డయాఫ్రమ్ మీద చేరుతుంది, చేరి నాలుగు వేల దగ్గర గొంతు నొక్కుతుంది. ఎంత గొప్పగా చెప్పేవాణ్ణంటే మిల్లు ఇంజనీరు ఒకాయన నోట్‌బుక్కులో రాసుకున్నాడు కూడా. విరుగుడుగా నేనే ఒక చిన్న సర్క్యూట్ కట్టి ఆ చోట శబ్దాన్ని పైకి లేపేవాణ్ణి. జనం గోల పెట్టేవారు. చెవులు కోస్తోంది, హీరోయిన్ మాట్లాడితే పళ్లు జివ్వుమంటున్నాయి అని. మిల్లు జనం, చెవుల్లో దూది పెట్టుకుని పుట్టారు, మీకేం తెలుసు మంచి శబ్దం అనేవాణ్ణి. నేను అన్నాను ఈ మాట. నేనే.

పదకొండున్నర. ఇంకేం చేయాలో తోచక, చిన్నగా ఉన్నందుకే వినబడటం లేదేమోనని నాలుగు వేల దగ్గర పెట్టి వాల్యూమ్ పెంచాను. లేదు. ఇంకొంచెం. లేదు. ఇంకా పెంచాను, ఏదో ఉన్నట్టు, గోడకు అవతల ఎక్కడో దోమ ఉన్నట్టు. అప్పుడు గుమ్మంలో పంకజవల్లి అమ్మ కనబడింది. రెండు చేతులతో రెండు చెవులూ మూసుకుని, కళ్లు చిట్లించి, మొహం అంతా నొప్పి. ఆమె వెనక వంటమనిషి, చెవుల్లో వేళ్లు. తోటలో కుక్క తల పైకెత్తి మొరుగుతోంది. "ఏమి ముని, చెవులు పగిలిపోతుండాయి, నిలుపు, నిలుపు!" అంటోంది ఆమె. నేను చూస్తున్నాను. నాకు వినబడుతున్నది ఆమె మాట, కుక్క మొరుగు, ఫ్యాను చప్పుడు. వాళ్లు దేనికి చెవులు మూసుకున్నారో అది మాత్రం నాకు లేదు. చెయ్యి గుండీ దాకా పోవడానికి ఎంతసేపు పట్టిందో తెలియదు. ఆపాక ఆమె చేతులు దించింది, అలా ఆపానని నాకు తెలిసింది. తప్పయిందమ్మా, పరీక్ష చేస్తున్నాను అన్నాను. ఆమె నన్ను ఒక రకంగా చూసి లోపలికి వెళ్లింది. నేను తివాచీ లేని నేల మీద కూర్చుండిపోయాను.

సంచిలో అడుగున థియేటర్ క్యాబిన్‌లో వాడే హెడ్‌ఫోన్ ఉంది. ఆసిలేటర్‌కు నేరుగా తగిలించాను. హారన్ లేదు, డ్రైవర్ లేదు, గది లేదు, కందిరీగ లేదు, దూది పొట్టు లేదు. మూడు వేలు ఉంది. మూడున్నర, సన్నబడింది. నాలుగు వేలు లేదు. ఆసిలేటరే చెడిందేమో అని ఒక్క ఆశ. పసుపు గుడ్డ సంచి విప్పి కరుప్పుసామి మీటరు తీశాను, రెండేళ్లలో మొదటిసారి. మైకును హారన్ నోటి ముందు పెట్టి, వాల్యూమ్ బాగా తగ్గించి, తిప్పుకుంటూ వచ్చాను. మూడు వేల దగ్గర ముల్లు ఎక్కడ నిలబడిందో మూడున్నర దగ్గరా అక్కడే, నాలుగు వేల దగ్గరా అక్కడే, ఒక వెంట్రుకవాసి వణికి మళ్లీ అక్కడే. ఆరు వేల దాకా అంతే. ఇరవై నాలుగేళ్ల హారన్, నేల చదును చేసినట్టు ఉంది. గుంట లేదు. వాడు చెప్పింది ఇదే. ఇంద చూడన్నా అని వాడు నా చెయ్యి పట్టుకుని లాగింది దీన్ని చూపించడానికే. గుంట ఎక్కడికి వెళ్లినా నాతోనే వచ్చిందంటే, నాలోనే ఉంది కాబట్టి. నలభై ఏడేళ్ల మనిషిని, ఊళ్లో సగం థియేటర్ల వాళ్లు చెవి కోసం పిలిచే మనిషిని, నాకు చెవుడు. ఈ మాట నాలో నేను అనుకోవడానికే సిగ్గేసింది, సిగ్గు కంటే ఎక్కువ భయమేసింది.

ఎప్పుడు పోయింది? ఒక్కరోజులో పోలేదు. పదిహేనేళ్లు మగ్గాల షెడ్డులో ఉన్నాను, పద్దెనిమిదో ఏట నుంచి. మూడు వందల మగ్గాలు ఒకే కప్పు కింద, దారం మోసే ప్రతి నాడె నిమిషానికి నూట యాభై సార్లు అటూ ఇటూ కొట్టుకుంటుంది. మిల్లు సైరన్, మేం సంగు అంటాం, కూసి బయటికొస్తే గంటసేపు చెవుల్లో రొద, అన్నం తింటే తగ్గుతుంది అనేవాళ్లం. ఆయుధ పూజ రోజు మైకు సెట్టు ఊళలు పెడుతుంటే ఏ హారన్ తప్పో నేను కళ్లు మూసుకుని చెప్పాననీ, రత్నసభాపతి అయ్య నన్ను పిలిచి నీ చెవి బంగారంరా అని షెడ్డులోంచి తీసి థియేటర్‌కు పంపాడనీ ఇప్పటికీ కథలా చెప్పుకుంటాను. షెడ్డులోంచి చెక్కు చెదరకుండా బయటపడ్డానని నా నమ్మకం. తోటి వాళ్లలో ఒకడికి వేలు పోయింది, ఇద్దరికి దగ్గు, నాకేమీ కాలేదు. అందరికంటే తెలివైనవాణ్ణి కదా. కీచురాళ్లు వినబడటం మానేసినప్పుడు కూడా ఊరు పెరిగింది, పొదలు కొట్టేశారు, కీచురాళ్లు పోయాయి అనుకున్నాను. పోయి ఉండవు.

కానీ మాటలు ఎలా వినబడ్డాయి ఇన్నేళ్లూ? వినలేదు, చూశాను. మా షెడ్డులో ఎవరూ నోటితో మాట్లాడరు, మాట్లాడినా లాభం లేదు. పెదాలతోనే మాట. నాలుగు మగ్గాల అవతల ఉన్నవాడు మేస్త్రీని ఏమని తిట్టాడో ఇక్కణ్ణుంచి చదివి నవ్వేవాళ్లం. కొత్తగా చేరినవాడికి నెలలో వచ్చేసేది, ఎవరూ నేర్పేవారు కాదు. నా భార్య వీరాయి నాకు దొరికింది కూడా అలాగే. కండెల బుట్ట నడుమున పెట్టుకుని మగ్గాల మధ్య తిరిగేది. ఒకరోజు నా మగ్గం ముందు ఆగి, మూడు వందల మగ్గాల మోతలో, ఎవరికీ వినబడకుండా, నాకూ వినబడకుండా, నన్ను చేసుకుంటావా అని అడిగింది ఆమే. నేను తల ఊపాను. దారం తెగింది, మేస్త్రీ తిట్టాడు. షెడ్డు వదిలినా ఆ అలవాటు నన్ను వదలలేదు. ఎవరు మాట్లాడినా నా కళ్లు వాళ్ల మూతి మీదే. శ్రద్ధగా వింటాడు ముని అని అందరూ మెచ్చుకునేవారు. నేనూ మెచ్చుకున్నాను నన్ను.

వీరాయికి తెలుసు. ఇప్పుడు అర్థమవుతోంది, ఆమెకు ముందే తెలుసు. ఇంట్లో ఏం చెప్పాలన్నా పొయ్యి వదిలేసి వచ్చి నా ఎదురుగా నిలబడేది. "ఇందా, ఇట్ల చూడు," అని గడ్డం పట్టుకుని తిప్పుకుని మరీ చెప్పేది, ఉప్పు అయిపోయిందన్న మాటకైనా. పప్పు మాడుతోంది పోవే, అక్కణ్ణుంచే చెప్పలేవా అని విసుక్కునేవాణ్ణి. షెడ్డు అలవాటు అనుకున్నాను, ముద్దు అనుకున్న రోజులూ ఉన్నాయి. పిల్లలు లేరు మాకు, మాట్లాడుకునేది ఇద్దరమే. ఆమె పోయి మూడేళ్లు. ఆ తర్వాత జనం అందరూ ఒక్కసారిగా గొణగడం మొదలుపెట్టారు. ఎదురింటివాళ్లు, కొట్టువాడు, ఆమె తమ్ముడు, అందరూ. భార్య పోయినవాడంటే లోకువ, మొహం తిప్పుకుని నాలుగు మాటలు విదిల్చి పోతున్నారు అనుకున్నాను. పోండిరా అనుకుని నేనే వాళ్ల ఇళ్లకు వెళ్లడం మానేశాను. రెండేళ్లుగా ఆదివారం నాడు నాతో మాట్లాడేది రేడియో ఒక్కటే, అది కూడా సరిగా పలకదని రెండుసార్లు విప్పాను. ఎవరూ మొహం తిప్పుకోలేదు. నాకు ఎదురుగా తిరిగి చెప్పేవాళ్లు మాత్రం లేకుండా పోయారు.

ఇంకొకటి ఉంది. దీన్ని తలుచుకోకుండా ఈ గంట గడిచిపోతే బాగుండు అనుకున్నాను, గడవదు. చివరి వారం వీరాయి గోడ వైపు తిరిగి పడుకునేది, ఇటు తిరిగితే నొప్పి. ఒక సాయంత్రం, దీపం పెట్టే వేళ, గోడ వైపే తిరిగి చాలాసేపు ఏదో చెప్పింది. భుజం కదులుతోంది, జడ కదులుతోంది, గొంతు వస్తోంది పోతోంది. జబ్బు మనిషి గొణుగుడు అనుకున్నాను. సరి సరి అన్నాను. సరేనే పడుకో అన్నాను. ఆమె ఆగింది. ఇంకొకసారి ఏదో చిన్న ప్రశ్న, చివర ఎత్తు ఉంది కాబట్టి ప్రశ్నే అయి ఉండాలి. దానికీ సరి అన్నాను. మంచానికి అటువైపు వెళ్లి, గోడకూ ఆమెకూ మధ్య ఇరుక్కుని కూర్చుంటే సరిపోయేది. జానెడు చోటు ఉంది అక్కడ. దేనికి సరి అన్నానో నాకు తెలియదు, ఇంకెప్పటికీ తెలియదు. హారన్ ముందు నేల మీద కూర్చుని ఏడ్చాను. ఎంత గట్టిగా ఏడ్చానో కూడా నాకు తెలియదు, అది ఎవరైనా చెప్పాలి.

మిల్లు సంగు కూసింది. దూరం నుంచి వచ్చే లావు కూత, అది నాకు బాగానే వినబడుతుంది. మొహం తుడుచుకుని హెడ్‌ఫోన్, మైకు సర్దాను. మీటరు మాత్రం బల్ల మీదే ఉంది. ఇంతలో ఒక బుద్ధి పుట్టింది, పుట్టకుండా ఎలా ఉంటుంది. కందిరీగ గూడు ఉంది కదా, కాగితంలో పొట్లం కట్టి పెట్టాను కదా. ఇదిగో అయ్యా, రోగం ఇదీ, తీసేశాను, హారన్‌లు భేషుగ్గా ఉన్నాయి అంటే చాలు. అమ్మగారికి హారన్‌లు దక్కుతాయి, నాకు నా పేరు దక్కుతుంది, చూశావా ముని చెయ్యి అంటారు. అందులో అబద్ధం కూడా లేదు. రేపటి నుంచి ఎవరూ చూడకుండా మీటరు పెట్టుకుని పని చేసుకోవచ్చు. పొట్లం చేతిలోకి తీసుకున్నాను కూడా. కానీ అలాగైతే సింగానల్లూరులో డయాఫ్రమ్‌లు అమ్ముకున్నవాడు అమ్ముకున్నవాడుగానే ఉంటాడు. గూడు కట్టిన కందిరీగ ఆండిపట్టి దాకా వెళ్లి సాక్ష్యం చెప్పదు. చెవి పోయిందంటే నన్ను ఎవరు పిలుస్తారు? చెవి తప్ప ఇంకేముంది నా దగ్గర, చదువా, షాపా. ఆ నిమిషంలో చాలా లెక్కలు వేసుకున్నాను, మంచివాణ్ణని చెప్పుకోను.

వ్యాను ఆగింది. కృష్ణరాజ్ అయ్య ఇద్దరు మనుషుల్ని వెంటేసుకుని వచ్చాడు, వెనకే పంకజవల్లి అమ్మ వచ్చి సోఫా చివర కూర్చుంది. "ఏమి ముని, నువ్వేంటికి వచ్చినావు? అమ్మ పిలిపించెనా?" అన్నాడు. నేను లేచి నిలబడ్డాను.

"హారన్‌లు బాగుండాయంగయ్యా. ఎత్తిపోవద్దు."

"మూడు దినాల ముందర పనికిరావని నువ్వే కదా చెప్తివి?"

పొట్లం నా చేతిలోనే ఉంది. "ఎడమదాంట్లో కందిరీగ గూడు ఉండె, తీసేస్తిని," అన్నాను. ఆయన ముఖం విప్పారింది, అదే కదా అన్నట్టు తల్లి వైపు చూశాడు. అక్కడ ఆపేయొచ్చు. "అది చిన్న సంగతిలేంగయ్యా. నేను పనికిరాదని చెప్పింది గూడు చూసి కాదు. చెడిపోయింది హారన్ కాదు, నా చెవి. తరి మగ్గాల కాడ పదిహేనేండ్లు ఉంటిని. నాలుగు వేల కాడ నాకు ఏమీ వినబడదు. ఇంద మీటరు ఉండాది, మీరే చూడండంగ. సింగానల్లూరులో కూడా నేను చెప్పింది ఇదే తప్పు. కరుప్పుసామి ఏమీ మార్చలేదు, ఏమీ అమ్ముకోలేదు. వాడు దొంగ కాదు. వాడు చూపిస్తే నేను చూడలేదు, అంతే."

ఒక్క ఊపిరిలో అనేశాను. ఆయన మొహంలో ముందు నవ్వు, తర్వాత నవ్వు పోయి ఇంకేదో. మీటరు వైపు చూశాడు, హారన్‌ల వైపు చూశాడు. మెల్లగా నడిచి కిటికీ దగ్గరకు వెళ్లి, నాకు వీపు పెట్టి, తోటలోకి చూస్తూ ఏదో చెప్పాడు. భుజాలు కదిలాయి. గొంతు వచ్చింది, మాటలు రాలేదు. తిట్టో, వెళ్లిపొమ్మనడమో, కరుప్పుసామి సంగతో, ఇంకేదో. చాలాసేపే చెప్పాడు, చివర ఎత్తాడు కాబట్టి ఏదో అడిగినట్టే. నా నోటి చివర సరింగ అన్న మాట అలవాటుగా వచ్చి నిలబడింది. పంకజవల్లి అమ్మ నా ఇబ్బంది చూసినట్టుంది, కొడుకు మాటను నాకు అందించడానికి పెదాలు విప్పబోయింది. నేను ఆమె వైపు చూడలేదు. కిటికీ దగ్గరకు రెండు అడుగులు వేశాను.

"అయ్యా," అన్నాను, "కొంచెం ఇట్ల తిరిగి చెప్పండంగ. నాకు వినబడలేదు."